దసరా తర్వాత ఫస్టియర్ క్లాసు సగం ఖాళీ: డిగ్రీ పిల్లలు మానేయకుండా ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (మండల డిగ్రీ కాలేజీ):

అందరికీ నమస్కారం. తెలంగాణలో ఒక మండల కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ గురించి అడుగుతున్నాను. బీఏ, బీకాం, బీఎస్సీ లైఫ్ సైన్సెస్ ఉన్నాయి. దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల) విడతలన్నీ ముగిసేసరికి ఫస్టియర్ సీట్లు బాగానే నిండుతాయి, మొదట్లో బెంచీకి నలుగురేసి కూర్చుంటారు. దసరా సెలవుల తర్వాత చూస్తే సగం మందే. సంక్రాంతికి ఇంకా పలచబడుతుంది. మొదటి సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టనివాళ్ళు ఇక రానట్టే.

ఎందుకు రావట్లేదంటే "ఇంట్లో పనుంది సార్" అన్న ఒక్క మాటే వస్తుంది. ఇండక్షన్ (కొత్తవాళ్ళకు పరిచయ కార్యక్రమం) ఒకరోజు పెడుతున్నాం. మెంటర్లను వేశాం, ఒక్కొక్కరికి 30 మంది. డైరీలు రాస్తున్నాం. ఫలితం మాత్రం కనపడట్లేదు.

చేతిలో ప్రత్యేకంగా నిధులేమీ లేవు. రాని పిల్లల్ని ఎప్పుడు, ఎలా కదిలించాలి? తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళను ఇంగ్లీషు మీడియంలో ఎలా నిలబెట్టాలి? దయచేసి చేయదగ్గ పనులు చెప్పండి, ఉపన్యాసాలకు పనికొచ్చేవి కాదు.

---

జవాబు 1 (అకడమిక్ విభాగం):

సార్, ముందు "రావట్లేదు" అన్న జాబితాను మూడుగా విడగొట్టండి. అందరినీ కలిపి డ్రాపౌట్ అంటే మందు దొరకదు.

కొందరు వేరే సీటు దొరికి వెళ్ళిపోయినవాళ్ళు. ఎప్‌సెట్ (మునుపటి ఎంసెట్) చివరి విడతలోనో, నర్సింగ్‌లోనో, పాలిటెక్నిక్‌లోనో చేరి ఉంటారు. వాళ్ళ గురించి బెంగ అక్కర్లేదు, పేరు తీసేసి పక్కన పెట్టండి. రెండోవాళ్ళు రావాలనుండీ రాలేనివాళ్ళు: బస్సు, పొలం పని, హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్. మూడోవాళ్ళు రాగలిగీ రానివాళ్ళు. క్లాసులో ఒక్క ముక్క అర్థంకాక, పలకరించే మనిషి లేక, ఇది మనకు సంబంధించిన చోటు కాదనుకున్నవాళ్ళు. రెండో రకానికి పని చేసిపెట్టాలి, మూడో రకానికి మనిషిని జతచేయాలి. ఇద్దరూ చెప్పేది మాత్రం ఒకటే: "ఇంట్లో పని."

ఇక ఎప్పుడు కదిలించాలన్నది. నెలాఖరున అటెండెన్స్ శాతం తీసి, 75కి తగ్గినవాళ్ళకు నోటీసు పంపడం అన్నిచోట్లా ఉన్న పద్ధతే. అప్పటికే పిల్లవాడు పదిహేను రోజులు పోగొట్టుకుని ఉంటాడు. రికార్డులు వెనకబడతాయి, క్లాసుకు వస్తే అందరిముందూ తిడతారన్న భయం పట్టుకుంటుంది. ఆ భయమే మిగతా పదిహేను రోజులూ మాన్పిస్తుంది. అందుకే వరుసగా మూడోరోజు రాకపోతే ఆ సాయంత్రమే ఫోన్ వెళ్ళాలి. మొదటి ఆరు వారాలు ఈ ఒక్కటీ తప్పకుండా చేయండి, తర్వాత వారానికోసారి చూసినా సరిపోతుంది. రోజూ ఆఖరి పీరియడ్ తర్వాత ఒక లెక్చరర్ మూడు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టుకుని పేర్లు రాసుకోవడానికి పావుగంట పడుతుంది.

ఫోన్ నంబర్ల దగ్గరే చాలా కాలేజీలు బోల్తా పడతాయి. దోస్త్‌లో ఉండేది ఆధార్‌కు లింకైన నంబరు. అది నాన్నదో అన్నదో అయివుంటుంది, ఒక్కోసారి ఎప్పుడో తీసేసిన సిమ్ము. కాబట్టి చేరిన వారంలోనే కాగితం మీద మళ్ళీ మూడు నంబర్లు రాయించుకోండి: తనది, ఇంట్లో ఒకరిది, అదే ఊరి నుంచి గానీ అదే బస్సులో గానీ వచ్చే తోటి విద్యార్థిది. ఆ మూడో నంబరే ఎక్కువసార్లు అక్కరకొస్తుంది.

ఫోన్‌లో మాట్లాడే తీరు మీద చాలా ఉంది. "ఎందుకు రావట్లేదు? అటెండెన్స్ షార్టేజ్ అవుతుంది తెలుసా?" అన్నారంటే "రేపు వస్తా సార్" అని పెట్టేస్తాడు, రేపు రాడు. ఇలా మొదలుపెట్టి చూడండి: "సోమవారం నుంచి కనపడలేదు, బాగున్నావా? ఆరోగ్యమా, బస్సా, డబ్బులా, క్లాసులో ఏమైనా ఇబ్బందా?" నాలుగు కారణాలూ మీరే పేర్చి ఇస్తే వాటిలో ఒకటి ఎంచుకోవడం తేలిక. "ఏమైంది?" అని ఊరికే అడిగితే నోరు పెగలదు. చివర్లో చిన్న పని అప్పగించండి: "రేపు రెండో పీరియడ్‌కు వచ్చి నన్ను స్టాఫ్ రూంలో కలువు." వచ్చినరోజు తిట్టొద్దని మిగతా లెక్చరర్లకు ముందే చెప్పి ఉంచండి. పదిరోజుల తర్వాత ధైర్యం చేసి వచ్చిన పిల్ల "ఓహో, ఇవాళ దారి తెలిసిందా" అన్న మాట విన్నదంటే మళ్ళీ రాదు.

ఒక మెంటర్‌కు 30 మంది ఎక్కువే, కానీ మనుషుల్లేనప్పుడు ఏం చేస్తాం. రోల్ నంబర్ల వరుసన కాకుండా బస్సు రూట్ల వారీగా పంచి చూడండి. ఒకే రూటులో వచ్చేవాళ్ళు రోజూ గంటన్నర కలిసి ఉంటారు, ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో వాళ్ళకే ముందు తెలుస్తుంది. ఒక జాగ్రత్త: ఊరికొక గుంపు పెడితే అది కులాల వారీ గుంపుగా మారే ప్రమాదముంది. మూడు నాలుగు ఊళ్ళు కలిసేలా రూటును తీసుకోండి, రూటుకొక సెకండియర్ అమ్మాయినీ అబ్బాయినీ పెట్టండి. డైరీలో పెద్ద వ్యాసాలు వద్దు, ఒక్కో పేరుకు ఒకే లైను: తేదీ, అడ్డంకి ఏమిటి, ఎవరు ఏం చేస్తారు, ఎప్పటికి. ఆఖరి రెండు గళ్ళూ ఖాళీగా ఉంటే ఆ డైరీ కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్‌కు చూపించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

పొలం పని సంగతి. పత్తి ఏరడం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది, ఖమ్మం వైపు అయితే ఆ వెనకే మిర్చి. కూలి డబ్బు ఇంటికి అవసరం, వద్దనే హక్కు మనకు లేదు. చేయగలిగింది ఏమిటంటే ఇంటర్నల్ పరీక్షలూ అసైన్‌మెంట్ గడువులూ ఆ వారాల్లో పడకుండా చూడటం, ఏ రెండు రోజులు వస్తే ప్రాక్టికల్స్ దక్కుతాయో ముందే చెప్పడం. వారంలో ఆరురోజులూ రాలేని పిల్లవాడికి "మంగళ, బుధ తప్పకుండా రా" అంటే వస్తాడు. పూర్తిగా తెగిపోవడం కన్నా అది నయం.

---

జవాబు 2 (స్కాలర్‌షిప్ సెక్షన్):

పై జవాబులో "రావాలనుండీ రాలేనివాళ్ళు" అన్నారు కదా, వాళ్ళలో చాలామంది కాగితాల దగ్గర ఆగిపోతారు.

స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో కొత్త దరఖాస్తుకు టెన్త్ హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీ అడుగుతుంది. టెన్త్ మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే అక్కడే చిక్కు మొదలవుతుంది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం. మార్చాల్సింది ఆధార్‌ను, మెమోను కాదు. మెమో మార్పించాలంటే ఎస్సెస్సీ బోర్డు దాకా వెళ్ళాలి, నెలలు పడుతుంది. ఆధార్ కేంద్రంలో మెమో చూపిస్తే పని త్వరగా అయిపోతుంది.

రెండో చిక్కు బ్యాంకు ఖాతా. పిల్లవాడికి రెండు ఖాతాలుంటే ప్రభుత్వ డబ్బు పాస్‌బుక్కు ఇచ్చిన ఖాతాకే వస్తుందనుకుంటాడు. ఆధార్ ఆధారంగా పంపే డబ్బు ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఆ ఆధార్‌కు చివరగా మ్యాప్ అయిన, అంటే జతపడిన, ఖాతాలో పడుతుంది. ఎప్పుడో ఏదో యాప్ కోసం తెరిచిన ఖాతా ఆధార్‌కు అతుక్కుని ఉంటే డబ్బు అక్కడికి పోతుంది, వీడేమో రాలేదని కాలేజీ మానేస్తాడు. బ్యాంకుకు వెళ్ళి "ఆధార్ సీడింగ్ ఏ ఖాతాకు ఉంది?" అని అడగడమే పరిష్కారం. ఖాతాకు ఆధార్ లింక్ ఉండటం వేరు, డబ్బు పడే మ్యాపింగ్ వేరు. ఈ తేడా పిల్లలకు బోర్డు మీద గీసి చూపించండి.

క్లాసులు మొదలైన రెండో వారంలో ఒకరోజు "కాగితాల రోజు" పెట్టండి. నాలుగు బల్లలు చాలు. ఒకదాని దగ్గర మెమో, ఆధార్ పేర్లు సరిచూడాలి. రెండోదాని దగ్గర కుల, ఆదాయ ధ్రువపత్రాలు. ఆదాయ పత్రం పాతదైతే మీసేవకు పంపాలి. మూడోది బ్యాంకు, నాలుగోది దరఖాస్తు నింపడం. సెకండియర్ బీకాం పిల్లలను కూర్చోబెడితే బాగా చేస్తారు, అది వాళ్ళకూ పనికొచ్చే నేర్పు. నెట్ సెంటర్‌లో తప్పుగా నింపిన దరఖాస్తును సరిదిద్దించడానికి పట్టే తిరుగుడంతా దీంతో మిగులుతుంది.

ఇంకొక్కటి. డబ్బు విడుదల ఆలస్యమవుతుందని మొదట్లోనే నిజం చెప్పేయండి. "దసరాకల్లా పడతాయి" అని ఆశపెట్టి, పడకపోతే, పిల్లవాడికి కాలేజీ మీద నమ్మకం పోతుంది.

---

జవాబు 3 (కామర్స్ మేడమ్):

భాష గురించి చెప్తాను. మీడియం మారడమంటే పిల్లలకు విషయం రాదని కాదు, తెలిసిన విషయాన్ని గుర్తుపట్టలేకపోవడం. ఇంటర్ తెలుగు మీడియంలో సీఈసీ చదివిన అమ్మాయికి చిట్టా, ఆవర్జా, అంకణా, తరుగుదల, ఆస్తి అప్పుల పట్టీ అన్నీ వచ్చు. డిగ్రీలో జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్, డిప్రిసియేషన్, బ్యాలెన్స్ షీట్ అనగానే అవేవో కొత్త పాఠాలనుకుంటుంది. రెండు వారాలు ఎవరూ చెప్పకపోతే తనకు బుర్ర లేదన్న నిర్ణయానికి వచ్చేస్తుంది. చిట్టా అంటే జర్నలే అని తెలిసిన క్షణంలో ఆ ముఖం వెలగడం చూడాలి.

కాబట్టి బోర్డుకు ఎడమవైపు ఒక గీత గీసి, ఆ రోజు పాఠంలోని ఎనిమిది పది మాటలు క్లాసు మొదలుపెట్టేముందే రాయండి: ఇంగ్లీషు మాట, పక్కన ఇంటర్‌లో చదివిన తెలుగు మాట. సైన్సులోనూ అంతే. బాష్పోత్సేకం ట్రాన్స్‌పిరేషన్, కిరణజన్య సంయోగక్రియ ఫోటోసింథసిస్, ద్రవ్యవేగం మొమెంటం. ఆ గీతను పీరియడ్ అంతా చెరపకండి. నోట్సులో చివరి పేజీల నుంచి వెనక్కి రాసుకోమనండి, సెమిస్టర్ అయ్యేసరికి ఎవరి పదకోశం వాళ్ళకు తయారవుతుంది.

పాఠం తెలుగులో వివరించి, నిర్వచనం ఇంగ్లీషులో రాయించి, జవాబు నోటితో తెలుగులోనే చెప్పనివ్వండి. మొదటి నెలలో "ఇంగ్లీషులో చెప్పు" అంటే ఆ పిల్ల ఇక చేయి ఎత్తదు. రాయడంలో మాత్రం వారానికి ఒక ఐదు మార్కుల జవాబు ఇంగ్లీషులో రాయించి దిద్దండి. దిద్దేటప్పుడు వ్యాకరణం తప్పులకు ఎర్ర గీతలు పెట్టొద్దు, సబ్జెక్టు సరిగ్గా రాసిందా అన్నదానికే మార్కులు. పరీక్షలో కావాల్సింది ఆ ఐదు మార్కులే.

చదివే చోట నలుగురిలో పేరు తెలియడం కూడా భాష లాంటిదే. అట్టముక్క మడిచి పేరు పెద్దగా తెలుగులో రాసి బల్ల మీద పెట్టించండి, మూడు వారాలు. "ఏయ్, మూడో బెంచీ" పోయి పేరు వస్తుంది. పక్కవాళ్ళకు కూడా పేరు తెలుస్తుంది, చాలామందికి అదే తెలియదు.

---

ప్రశ్న వేసినవారు:

చాలా ఉపయోగపడే మాటలు, ధన్యవాదాలు మేడమ్, సార్. ఇంకో సందేహం. ఇండక్షన్‌కు సీనియర్లతో మాట్లాడిస్తున్నాం, టాపర్లను పిలుస్తున్నాం. పిల్లలు చప్పట్లు కొడతారు, అక్కడితో సరి. చివరి విడతలోనూ స్పెషల్ ఫేజ్‌లోనూ చేరినవాళ్ళు ఆ కార్యక్రమం అయిపోయాక వస్తున్నారు. వాళ్ళే ఎక్కువగా మానేస్తున్నారు కూడా.

---

జవాబు 4 (విద్యా మనస్తత్వం):

టాపర్లను పిలవకండి సార్. మొదటి సెమిస్టర్‌లో రెండు బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) పెట్టుకుని, తర్వాత క్లియర్ చేసి ఇప్పుడు థర్డియర్‌లో ఉన్నవాళ్ళను పిలవండి.

దీని వెనక గట్టి పరిశోధన ఉంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఫస్టియర్ విద్యార్థుల చేత సుమారు గంటసేపు, "మొదట్లో ఇక్కడ ఇమడలేమేమో అని అందరికీ అనిపిస్తుంది, కొన్నాళ్ళకు అది తగ్గుతుంది" అన్న సారం గల సీనియర్ల మాటలు చదివించారు. తర్వాత ఆ మాటలు తమ విషయంలో ఎలా నిజమో వాళ్ళచేతే రాయించి, రాబోయే జూనియర్ల కోసం కెమెరా ముందు చెప్పించారు. నల్లజాతి విద్యార్థుల మార్కులు తర్వాతి మూడేళ్ళూ మెరుగ్గా వచ్చాయి, తెల్లవారితో ఉన్న తేడా సగానికి తగ్గింది. కష్టపడినప్పుడు "ఇది నా ఒక్కడి తక్కువతనం" అనుకోకుండా "ఇది ఫస్టియర్ సంగతి" అనుకోవడమే అందులోని కీలకం. అయితే 2023లో 22 విద్యాసంస్థల్లో చేసిన పెద్ద అధ్యయనంలో తేలింది ఇంకొకటి: ఆ పిల్లలకు నిజంగా చోటిచ్చే కాలేజీల్లోనే ఈ మాటలు పనిచేశాయి. అంటే ముందు చెప్పిన ఫోన్లు, కాగితాలు, పదాల పట్టీ లేకుండా సీనియర్ల ప్రసంగం ఒక్కటే పెట్టి లాభం లేదు.

మీ దగ్గర చేసే పద్ధతి ఇది. నలుగురు సీనియర్లను ఎంచుకోండి: ఒకరు దూరం ఊరి నుంచి వచ్చేవారు, ఒకరు తెలుగు మీడియం, ఒకరు బ్యాక్‌లాగులు రాసినవారు, ఒకరు హాస్టల్లో ఉండేవారు. ఇద్దరైనా అమ్మాయిలు ఉండాలి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, మూడే ముక్కలు: ఏం కష్టమైంది, ఎవరి దగ్గరకు వెళ్ళి ఏం చేశాను, ఇప్పుడెలా ఉంది. నడుమ ముక్కే ముఖ్యం. "కష్టపడ్డాను, సాధించాను" అంటే విన్నవాళ్ళకు చేసేందుకేమీ మిగలదు. "రెండో వారంలో స్టాఫ్ రూంకు వెళ్ళి ఫలానా లెక్క అడిగాను, సాయంత్రం నాలుగింటికి లైబ్రరీలో కూర్చున్నాం" అంటే అదొక దారి. ముందురోజు ఒకసారి చెప్పించుకుని విని, సుభాషితాలన్నీ తీసేయించండి. తర్వాత ఫస్టియర్ పిల్లలచేత ఒక పేజీ ఉత్తరం తెలుగులో రాయించండి, వచ్చే ఏడాది చేరబోయే తమ్ముడికో చెల్లికో. దిద్దొద్దు, మార్కులొద్దు.

ఇదంతా మొదటిరోజు పెట్టకండి. మొదటిరోజు ఎవరి చెవికీ ఎక్కదు. మూడో నాలుగో వారంలో పెట్టండి, అప్పటికి కష్టం రుచి తెలిసి ఉంటుంది. మొదటి సెమిస్టర్ ఫలితాలు రావడానికి వారం ముందు మరోసారి. బ్యాక్‌లాగ్ అంటే ఏమిటో, మళ్ళీ ఎప్పుడు రాయొచ్చో, ఫీజు ఎక్కడ కట్టాలో ఆ రోజే చెప్పేయండి. ఫలితం చూసి "నా చదువు అయిపోయింది" అనుకుని మానేసే పిల్లలకు, తప్పిన సబ్జెక్టు ఒక్కటే మళ్ళీ రాయొచ్చని తెలియదు.

చివరి విడతల్లో వచ్చినవాళ్ళకు ఇండక్షన్ మళ్ళీ పెట్టాల్సిందే, పదిమందే ఉన్నా సరే. నెల ఆలస్యంగా వచ్చేసరికి బెంచీలు నిండి ఉంటాయి, జట్లు కట్టి ఉంటాయి, వాట్సాప్ గ్రూపులో పేరుండదు. చేరినరోజే ఒక తోటి విద్యార్థికి అప్పజెప్పి, నోట్సు ఫోటోలు, టైంటేబుల్, గ్రూపు, పక్కన సీటు, నాలుగూ ఆ రోజే అందేలా చూడండి.

వెనకబడినవాళ్ళ కోసం పెట్టే క్లాసుకు "రెమెడియల్" అని పేరు పెట్టి జాబితా నోటీసు బోర్డుకు అంటించొద్దు. బర్క్‌లీలో 1970ల చివర్లో యూరి ట్రైస్‌మన్ కాల్‌క్యులస్‌లో తప్పుతున్న నల్లజాతి విద్యార్థులను పరిశీలిస్తే, వాళ్ళు కష్టపడట్లేదన్నది అబద్ధమని తేలింది. వాళ్ళు ఒంటరిగా చదువుతున్నారు, బాగా చేస్తున్న చైనా మూలాల పిల్లలు కలిసి చదువుతున్నారు. ఆయన సులువు లెక్కలిచ్చే క్లాసు పెట్టలేదు, చిన్న గుంపులుగా కూర్చోబెట్టి క్లాసులోకన్నా గట్టి లెక్కలిచ్చాడు. మీరూ నలుగురైదుగురిని కలిపి, వారానికి రెండుసార్లు, ఒక్క కాగితం మీద ఐదు ప్రశ్నలు ఇవ్వండి. అందరికీ ఒకే కాగితం. నలుగురికి నాలుగు ఇస్తే మళ్ళీ ఎవరికి వారే.

సెకండియర్ వాళ్ళను రూటు బాధ్యులుగా పెట్టేముందు ర్యాగింగ్ గురించి గట్టిగా చెప్పండి. ర్యాగింగ్ ఫిర్యాదుల హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరు బస్టాపు వైపు గోడ మీద పెద్దగా రాయించండి. ఎవరైనా చచ్చిపోవాలనుందని గానీ ఉండి లాభం లేదని గానీ అంటే మెంటర్ ఒక్కరే మోయకూడదు. ఆ పిల్లను ఒంటరిగా పంపకుండా, పక్కన కూర్చునే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు కలపండి. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

---

జవాబు 5 (ల్యాబ్):

చిన్నవే గానీ చెప్తాను. బీఎస్సీ పిల్లలకు మొదటి నెలలోనే ఏప్రాన్, రికార్డులు, డిసెక్షన్ బాక్స్ కొనమంటాం. కొననివాళ్ళను ల్యాబ్ బయట నిలబెడతాం, వాళ్ళు ఆ రోజు నుంచి ల్యాబ్‌కే రారు. పాసై వెళ్ళే థర్డియర్ వాళ్ళ దగ్గర పది ఏప్రాన్లు తీసుకుని, ఉతికించి, ల్యాబ్ తలుపు వెనక మేకులకు తగిలించండి. అడగక్కర్లేకుండా తీసుకునేలా ఉండాలి, రిజిస్టర్‌లో సంతకం పెట్టిస్తే ఎవరూ ముట్టుకోరు.

ల్యాబ్ నాలుగుంపావుకు ముగిసి, బస్సు నాలుగింటికే పోతే తప్పు పిల్లలది కాదు. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి కింద ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమయ్యాయి. ఖర్చు పోయింది గానీ వేళ కుదరకపోతే ఇంట్లో మాన్పించేస్తారు. టైంటేబుల్ వేసేముందు డిపోకు వెళ్ళి బస్సుల వేళలు తెచ్చుకోండి. ప్రిన్సిపాల్ లెటర్‌హెడ్ మీద, ఏ రూటులో ఎంతమంది పిల్లలో సంఖ్యతో సహా డిపో మేనేజర్‌కు రాసి, బస్సు అరగంట జరపమని అడగండి. సంఖ్య లేని ఉత్తరానికి జవాబు రాదు.

మధ్యాహ్నం డబ్బా ఎక్కడ తింటారో కూడా చూడండి. నీడా, నీళ్ళూ, గడియపడే టాయిలెట్టూ లేకపోతే అమ్మాయిలు మధ్యాహ్నమే వెళ్ళిపోతారు.

---

ప్రశ్న వేసినవారు:

ఇవాళే ముగ్గురు టీసీ కోసం వచ్చారు. ఇవ్వకుండా ఆపడం మంచిదా?

---

జవాబు 1 (అకడమిక్ విభాగం):

ఆపొద్దు సార్. సర్టిఫికెట్లు పట్టుకోకూడదని 2018లోనే యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) స్పష్టంగా చెప్పింది. పైగా ఆపితే ఆ ఊరి నుంచి వచ్చే ఏడాది ఇంకెవరూ చేరరు. దరఖాస్తు తీసుకునేటప్పుడు పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడండి, గుమస్తా కిటికీ దగ్గర కాదు, మీ గదిలో. "టీసీ ఇస్తాం, అందులో సందేహం లేదు" అని ముందే చెప్పేస్తే అసలు కారణం బయటకొస్తుంది. బస్సో, స్కాలర్‌షిప్పో అయితే ఆ పూటే ఫోన్ చేసి చూడండి. పెళ్ళి కుదిరిందంటే, పెళ్ళయ్యాక చదవడానికి అత్తగారి ఊరికి దగ్గరి కాలేజీ ఏదో చూసి బదిలీ పద్ధతి చెప్పండి. పని తప్పదంటే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అధ్యయన కేంద్రం ఎక్కడుందో రాసివ్వండి.

అప్పటికీ వెళ్తానంటే టీసీతో పాటు ఒక అరపేజీ కాగితం ఇవ్వండి: ఏ సెమిస్టర్ దాకా చదివారు, ఏ సబ్జెక్టులు పాసయ్యారు, రీఅడ్మిషన్‌కు ఏ నెలలో ఎవరిని కలవాలి, కాలేజీ ఫోన్ నంబరు. వచ్చే జూన్‌లో ఆ ముగ్గురికీ ఒకసారి ఫోన్ చేయాలని ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి.